ముగ్గురి సీట్లో నాలుగో దేశం

ఎనర్జీ పాలసీ చదువుకుని ఇక్కడ అమెరికాలో ఉద్యోగాలు వెతుక్కుంటున్న మన పిల్లలు మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా, పప్పు వడ్డించుకునేలోపే ఒక ప్రశ్న వేస్తారు. "అంకుల్, యూరప్ పాలసీలో మీ బిగ్గెస్ట్ కాంట్రిబ్యూషన్ ఏంటి?"

"ఒక క్రియాపదం," అంటాను. వాళ్ళు మర్యాదకి నవ్వి ఆవకాయ అందుకుంటారు. ముసలాయన జోకు వేశాడనుకుంటారు. జోకు కాదు. అన్నేళ్ళ సర్వీసులో నేను యూరప్ ఖండానికి ఇచ్చింది ఆ ఒక్క మాటే. అదీ పొరపాటున ఇచ్చాను. ఆ తర్వాత దాన్ని నా చేతే కొట్టేయించారు. ఆ కథేమిటో ఇక్కడ రాస్తున్నాను, మీలో ఎవరికైనా పనికొస్తే సంతోషం.

ఆంధ్రాలో ఒక థర్మల్ స్టేషన్లో ఇంజనీరుగా మొదలుపెట్టి, చివరికి వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఒక కన్సల్టింగ్ కంపెనీలో తేలాను. నా పనేమిటో మా బంధువుల్లో ఎవరికీ ఎప్పటికీ అర్థం కాలేదు. యూరప్ దేశాలు బొగ్గు ఎప్పుడు మానెయ్యాలి, చలికాలంలో గ్యాస్ ఎక్కణ్ణుంచి తెచ్చుకోవాలి, తూర్పు నుంచి వచ్చే పైపు ఎవరైనా కట్టేస్తే ఏం చెయ్యాలి, ఇవన్నీ మేం చెప్పాలి. అందుకోసం మేం యూరప్ వెళ్ళక్కర్లేదు. వాళ్ళే వచ్చేవాళ్ళు. పక్కపక్కనే ఉన్న దేశాలు, రైలెక్కితే పూట ప్రయాణం. కానీ ఒకరితో ఒకరు మనసు విప్పి మాట్లాడుకోవాలంటే మాత్రం అట్లాంటిక్ దాటి, డల్లెస్ ఎయిర్‌పోర్ట్‌లో దిగి, ఇమిగ్రేషన్ లైన్లో నిలబడి, మా ఊరి హోటల్లో కూర్చోవాలి. మధ్యవర్తి లేనిదే పెళ్ళి మాటలు కదలవు కదా. ఆ మధ్యవర్తులం మేం.

మా బాస్ నేవీ నుంచి రిటైరై వచ్చిన అమెరికన్. ఆఫీసులో కూడా ఓడ మీద ఉన్నట్టే మాట్లాడేవాడు. మంచివాడే, కానీ రెండు భయాలుండేవి. ఒకటి కాంట్రాక్ట్ రెన్యూ కాకపోవడం, రెండోది మీటింగ్ ఆలస్యంగా ముగియడం. ఇక నా పక్క సీట్లో ఒక వరంగల్ తమ్ముడు ఉండేవాడు. టెక్సస్‌లో ఇర్వింగ్ నుంచి మా కంపెనీకి మారి వచ్చాడు. ఏ పైపులో ఎంత గ్యాస్ పోతుందో లెక్క కట్టే కంప్యూటర్ మోడల్ అతనిదే. "మోడల్ రాసింది నేనే అన్నా, నాకే నమ్మకం లేదు. వీళ్ళేమో దేవుని లెక్క మొక్కుతున్నరు," అనేవాడు.

2008లో, చలికాలం ఇంకా మొదలవకముందు, యూరప్ అధికారులు కొందర్ని పిలిచి ఒక ఆట ఆడించాం. ఆట అంటే ఆటే. రాబోయే జనవరిలో తూర్పు పైపు ఆగిపోయిందని ఊహించుకోవాలి. అప్పుడు ఎవరు ఏం చేస్తారో చెప్పాలి. చివర్లో అందరూ ఒప్పుకున్న మాటలతో ఒక కాగితం తయారవ్వాలి. మొదటి రోజు క్లైమేట్, రెండో రోజు కొత్త ఇంధనాలు, మూడో రోజు భద్రత.

మొదటి రోజు భూమిని కాపాడారు. భూతాపం మీద చర్చ జరుగుతున్న ఆ హాల్లో ఏసీ ఎంత చల్లగా పెట్టారంటే, స్వీడన్ వైపు నుంచి వచ్చినవాళ్ళు కూడా కోట్లు విప్పలేదు. తగ్గించమంటే బిల్డింగ్ మొత్తానికి ఒకటే కంట్రోల్ అట, తాళం ఎవరి దగ్గరుందో హోటల్ వాళ్ళకే తెలీదు. "గ్లోబల్ వార్మింగ్ అంతటా వచ్చిందట గానీ, గీ హాల్లకైతే రాలేదన్నా," అన్నాడు మా తమ్ముడు, చేతులు చంకల్లో పెట్టుకుని.

రెండో రోజు, పడమటి వైపు ఒక పెద్ద, కలిగిన దేశం నుంచి వచ్చిన ఎకనమిస్టు మాట్లాడాడు. మా కాంట్రాక్ట్ వాళ్ళ దేశానిదే కాబట్టి మా బాస్ ముందు వరసలో కూర్చుని తలూపుతూనే ఉన్నాడు. తెర మీద గాలిమరల ఫొటోలు, అన్నిటి వెనకా నీలాకాశం. గాలి వీచకపోతే ఏం చేస్తారని ఎవరో అడిగారు. గ్యాస్ వాడతామన్నాడు. గ్యాస్ ఎక్కణ్ణుంచి అంటే, తూర్పు నుంచి అన్నాడు. తూర్పు ఆగిపోతే అంటే, "అది రేపటి అజెండా," అన్నాడు. హాలంతా ఒప్పుకుంది. అది నిజంగానే రేపటి అజెండా.

మూడో రోజు ఒకావిడ నోరు విప్పింది. తూర్పు వైపు ఒక చిన్న దేశంలో గ్యాస్ పైపుల వ్యవస్థ చూసుకునే ఇంజనీరు. అంతకుముందు రెండు రోజులూ శాలువా కప్పుకుని, ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది. ఆవిడ దేశానికి బయటి నుంచి వచ్చే పైపు ఒక్కటే, అదే ఆ దేశం దాటి పడమటి పొరుగు దేశానికి పోతుంది. ఆవిడ ఇంగ్లిష్‌లో అన్నదాన్ని మన మాటల్లో చెప్తాను.

"ఆ పైపు ఆగితే మా దగ్గర ముందు ఫ్యాక్టరీలు ఆగుతాయి. తర్వాత ఊళ్ళలో ఇళ్ళకి వేడినీళ్ళు పంపే బాయిలర్లు. ఆ తర్వాత ఆసుపత్రి. నాకు గాలిమరల బొమ్మలు వద్దు. మా పొరుగు దేశం భూమిలో గ్యాస్ దాచుకుంది. అది మా వైపు వెనక్కి తిప్పుతారా, తిప్పరా? ఒక్క వాక్యం రాసిమ్మనండి చాలు."

ఆ పొరుగు దేశపాయన బల్లకి అవతలే కూర్చున్నాడు. ఆయనా ఇంజనీరే. పెద్ద మీసం, పెద్ద పొట్ట. హోటల్ వాళ్ళ టీ తాగి అది టీ కాదని రోజూ తీర్పు చెప్పేవాడు. "తిప్పొచ్చు," అన్నాడు. "యంత్రాలు అటువైపు పనిచెయ్యడానికి కట్టినవి కావు, కానీ మొరాయించే గాడిదని కూడా వెనక్కి నడిపించొచ్చు. రేపు మా మంత్రి అడిగితే ఏ కాగితం చూపించను? నాకూ ఆ వాక్యం కావాలి."

అంటే ఇవ్వాల్సినాయనా సిద్ధం, తీసుకోవాల్సినావిడా సిద్ధం. ఇద్దరికీ కావలసింది ఒక వాక్యం. మధ్యలో మిగతా యూరప్ ఉంది.

గొడవంతా క్రియాపదం దగ్గర వచ్చింది. "షేర్" అని రాస్తే ఎకనమిస్టు లేచాడు. గ్యాస్ ప్రభుత్వాలది కాదు, కంపెనీలది, పరాయి సొమ్ము పంచడానికి మనమెవరం అన్నాడు. "హెల్ప్" అంటే మీసాలాయనే వద్దన్నాడు. హెల్ప్ అంటే ఎంత, అంతా ఇచ్చేసి ఇంటికెళ్తే మా ఆవిడ తలుపు తీయదు అన్నాడు. ఎవరో "సాలిడారిటీ" అన్నారు. ఆ మాటని ముందుమాటలోనే వాడేసుకున్నాం. పైగా దానికి ఎప్పుడూ ఎవరూ అడ్డు చెప్పరు, అందుకే దాన్ని ఎవరూ నమ్మరు. పాము చావకుండా, కర్ర విరగకుండా ఉండే మాట కోసం మధ్యాహ్నమంతా వెతికారు. బయట ఎయిర్‌పోర్ట్‌కి తీసుకెళ్ళే వ్యాన్ వచ్చి ఆగింది. బాస్ వాచీ చూసుకోవడం, నన్ను చూడడం, మళ్ళీ వాచీ చూసుకోవడం.

రాసేవాణ్ణి నేను. కంప్యూటర్ నా ముందుంది, వాక్యం తెర మీదుంది, క్రియాపదం ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఆలోచించానని చెప్పను. వేళ్ళు వాటంతటవే కొట్టాయి. కొరత వస్తే పొరుగు దేశాలు 'అడ్జస్ట్' అవుతాయి.

మనకి అది ఇంగ్లిష్ మాట కాదు. ప్యాసింజర్ రైల్లో ముగ్గురు కూర్చునే సీటు దగ్గరికి సంచీ పట్టుకుని ఒకాయన వచ్చి నిలబడి, "కాస్త అడ్జస్ట్ అవ్వండి," అంటాడు. కూర్చున్నవాళ్ళు లేవరు. వచ్చినాయన టికెట్ చూపించమని అడగరు. గొణుక్కుంటూ తలా కాస్త జరుగుతారు. ఆయన అంచు మీద ఒక పక్కగా ఆనుకుంటాడు. బండి సాగిపోతుంది. నేను రాసింది ఆ మాట.

అందరూ ఒప్పేసుకున్నారు. ఎకనమిస్టు తలూపాడు, మీసాలాయన తలూపాడు, వెనక వరసల వాళ్ళు అప్పటికే బ్యాగులు సర్దుకుంటున్నారు. బాస్ నా భుజం మీద చరిచి, "బ్యూటిఫుల్," అన్నాడు. ఏ మాటనైనా అందరూ అంత తొందరగా ఒప్పుకుంటే అనుమానించాలని నా అనుభవం నాకు చెప్పాల్సింది. అది ఆ రోజు సెలవులో ఉన్నట్టుంది.

"ఏం రాసినవన్నా? రైల్ల సీటడిగినట్టున్నది," అన్నాడు తమ్ముడు చెవిలో.

"అందరికీ అర్థమైందిగా!"

"అర్థమైందని ఎవరన్నరు? ఒప్పుకున్నరు. రెండూ ఒకటి కాదు."

అర్థం కాలేదని ఒప్పుకున్నది ఆవిడొక్కతే. వ్యాన్ దగ్గరికి పోతూ లాబీలో ఆగి నన్ను అడిగింది. "మీ మాట బాగుంది. కానీ దానికి అర్థం ఏమిటి?"

నోటితో చెప్పబోతే రైలు, సంచీ, సీటు అన్నీ కలగాపులగమయ్యాయి. లాబీలో ముగ్గురు పట్టే సోఫా ఒకటుంది. ఆవిణ్ణి కూర్చోమన్నాను. మీసాలాయనని కూర్చోమన్నాను. ఆయన కూర్చుంటే సోఫా నిండినట్టే ఉంది గానీ, మా తమ్ముణ్ణి కూడా ఇరికించాను. అప్పుడు నా లాప్‌టాప్ బ్యాగు చంకన పెట్టుకుని వాళ్ళ ముందు నిలబడి, "కాస్త అడ్జస్ట్ అవ్వండి," అన్నాను.

మా తమ్ముడు చిన్నప్పటి అలవాటుతో టక్కున జరిగాడు. అతను జరిగితే మీసాలాయన గొణుగుతూ జరిగాడు. ఆయన జరిగితే ఆవిడ జరగక తప్పలేదు. నేను అంచు మీద సగం ఆని కూర్చున్నాను. రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి మమ్మల్ని చూసి సెక్యూరిటీని పిలవాలా అన్నట్టు ఫోన్ మీద చెయ్యి వేసింది. మీసాలాయన మాత్రం సోఫా ఊగేటట్టు నవ్వాడు. "మా చిన్నప్పుడు మా రైళ్ళూ ఇంతే. తర్వాత రిజర్వేషన్లు పెట్టి చెడగొట్టారు!"

ఆవిడ నవ్వలేదు. "అంటే, లేచి వెళ్ళిపొమ్మని ఎవరూ అనరు?"

"అనరండీ."

"ముందు మీకు హక్కుందో లేదో తేలనీ అని కూడా అనరు?"

"కూర్చున్నవాళ్ళు టికెట్ కలెక్టర్లు కారు కదా."

"విసుక్కుంటారు?"

"తప్పకుండా. అదీ అందులో భాగమే."

"విసుక్కోనివ్వండి," అంది ఆవిడ. ఆ మాట మీసాలాయన వైపు చూసి అంది. ఆయన మీసం దువ్వుకున్నాడు. వ్యాన్ డ్రైవర్ లోపలికొచ్చి కేకేశాడు.

మేం ఆటలో ఊహించుకున్న జనవరి నిజంగానే వచ్చింది. తూర్పున రెండు దేశాలు తగువు పడ్డాయి, పైపు ఆగింది. సగం యూరప్ గడ్డకట్టే చలిలో కూర్చుంది. అధికారులందరితో మా ఆఫీసులో ఫోన్ కాన్ఫరెన్స్ పెట్టారు. హెర్న్‌డన్‌లో పొద్దున్న. కిటికీ బయట మంచు పడుతోంది. లోపల హీటర్ ఎంత దర్జాగా పనిచేస్తోందంటే బాస్ చొక్కా చేతులు మడుచుకున్నాడు. బల్ల మీద స్పీకర్ ఫోన్, చుట్టూ బాస్, తమ్ముడు, నేను.

ఎకనమిస్టు మొదలుపెట్టాడు. మనం హెర్న్‌డన్‌లో ఒప్పుకున్నది చక్కగా అమలవుతోందన్నాడు. ధరలు పెరిగాయి, వాడకం తగ్గింది, మార్కెట్ అడ్జస్ట్ అయింది అన్నాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకి నిప్పడిగినవాడు కూడా అంత ప్రశాంతంగా అడిగి ఉండడు. తర్వాత ఇంకెవరో, మేం కూడా మా ఈ ఏటి అంచనాలని అడ్జస్ట్ చేశాం అన్నారు. మరొకరు, క్లైమేట్ లక్ష్యాల గడువు కాస్త అడ్జస్ట్ చేసుకుని బొగ్గు ముట్టించాం అన్నారు. నా ఒక్క మాటతో ఎవరి వంట వాళ్ళు చేసుకున్నారు.

అప్పుడు ఆవిడ గొంతు వినిపించింది. "ఫ్యాక్టరీలన్నీ ఆగాయి. బాయిలర్లు ఒక్కొక్కటే ఆపుతున్నాం. ఆసుపత్రికి ఈ వారం వరకే ఉంది. మేం ఇంకా నిలబడే ఉన్నాం. ఎవరూ జరగలేదు."

ఆ చివరి మాట ఆ లైన్లో ఉన్నవాళ్ళలో ముగ్గురికే అర్థమైంది. మాలో ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మూడో ఆయన, మన మీసాలాయన, ఊపిరి మాత్రం ఫోన్లో బరువుగా వినిపిస్తోంది. పక్కన మంత్రి ఉన్నాడేమో.

"జరగడం ఏమిటి? ఒప్పందంలో అటువంటి మాట లేదే," అన్నాడు ఎకనమిస్టు. "ఆ పదం రాసినవారు లైన్లోనే ఉన్నారు కదా. దాని అర్థం వారే చెప్పనీండి."

బాస్ మ్యూట్ బటన్ నొక్కాడు. "అది మార్కెట్ పదమని చెప్పు. రెండే ముక్కలు. స్ప్రింగ్‌లో రెన్యూవల్ ఉంది, ఆ కాంట్రాక్ట్ ఆయన చేతిలో ఉంది. ఈ గదిలో అందరి జీతాలూ దాని మీదే."

తమ్ముడు నా వైపు వంగాడు. "అన్నా, నా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌ల ఉన్నది. కంపెనీ చేతిల ఉన్నది. యాదికున్నదా?"

"ఉంది తమ్ముడూ."

"మరి జల్ది చెప్పు. ఆమె నిలబడ్డది."

తన కార్డు ఏమైనా సరే, నిజమే చెప్పమంటున్నాడని విడమర్చి అడగక్కర్లేకపోయింది. నేను వీరుణ్ణి కాను. థర్మల్ స్టేషన్లో పైఅధికారి ముందు తల గోక్కుంటూ పెరిగిన ఉద్యోగిని. ఆ మార్కెట్ ముక్క చెప్పేద్దామనే నోరు తెరిచాను. కానీ కళ్ళ ముందు ఆ సోఫా కదిలింది. దాని మీద శాలువా కప్పుకుని జరిగిన మనిషికి ఆ మాట చెప్పడం నా వల్ల కాలేదు. నాకు నిజంగా బాధేసింది. మ్యూట్ తీసి, రైలు సంగతి చెప్పాను. ముగ్గురి సీటు, నాలుగో మనిషి, గొణుగుడు, జరగడం. ఆ వాక్యం రాసినప్పుడు నా ఉద్దేశం అదేనని, ఇంకేమీ కాదని చెప్పాను.

బాస్ కళ్ళు మూసుకున్నాడు. "యూరప్ ఇంధన భద్రత భారతీయ రైల్వే అలవాట్ల మీద ఆధారపడి లేదని ఆశిస్తాను," అన్నాడు ఎకనమిస్టు. దీనికి నా దగ్గర అద్భుతమైన జవాబుంది: లేదండీ, మీ సంతకం మీద ఆధారపడి ఉంది. కాకపోతే అది నాకు తోచింది సాయంత్రం పార్కింగ్ లాట్‌లో, కారు మీద మంచు గీక్కుంటున్నప్పుడు.

మీసాలాయన గొంతు సవరించుకున్నాడు. "ఆయన చెప్పింది నిజమే. ఆ సీటు మీద నేనూ కూర్చున్నాను," అన్నాడు. తర్వాత పక్కనున్న మంత్రితో కాబోలు, తన భాషలో పెద్దగా, పొడుగ్గా ఏదో చెప్పాడు. అటునుంచి ఒక్క ముక్క జవాబు వచ్చింది. ఆ తర్వాత అదే భాషలో నేరుగా ఆవిణ్ణి ఏదో అడిగాడు. వాళ్ళ రెండు భాషలూ ఒకదానికొకటి తెలుగూ కన్నడం లాంటివి. సగం అర్థమవుతుంది, మిగతా సగం ధైర్యంతో లాగించొచ్చు. ఆవిడ జవాబిచ్చింది. ఆయన మళ్ళీ అడిగాడు. తమ్ముడు ఒక్కసారిగా నిటారుగా కూర్చుని, "అన్నా, అవి పైపు ప్రెషర్ నంబర్లు!" అన్నాడు.

అదే లైన్లో, అదే సమయంలో, మిగతావాళ్ళు ఒక ప్రకటన రాసుకుంటున్నారు. 'తీవ్ర' ఆందోళన అనాలా, 'గాఢమైన' ఆందోళన అనాలా అని ఓటింగ్ దాకా వచ్చారు. కాన్ఫరెన్స్ ముగిసేసరికి 'గాఢమైన' గెలిచింది. ఆ ఇద్దరు ఇంజనీర్లు ఎప్పుడు లైన్ వదిలి వెళ్ళారో ఎవరూ గమనించలేదు.

తర్వాతి సంగతులు క్లుప్తంగా. ఆ కాంట్రాక్ట్ రెన్యూ కాలేదు. బాస్ నన్ను సముద్రంలో తోసెయ్యలేదు, డెక్ కడగమన్నాడు. అంటే, కంపెనీ రిపోర్టుల్లో ఏ మాటలు వాడాలో, ఏవి వాడకూడదో ఒక గైడ్ రాయమన్నాడు. అక్షరక్రమంలో మొదట్లోనే తగిలింది. 'అడ్జస్ట్: వాడరాదు. ఒక్కొక్కరికి ఒక్కో అర్థం.' నేనే రాశాను, నిజమే కాబట్టి. తమ్ముడి గ్రీన్‌కార్డ్ ఆలస్యమైంది గానీ వచ్చింది. ఇప్పుడు మళ్ళీ టెక్సస్‌కే పోయి, ప్లేనోలో ఇల్లు కొనుక్కుని, వాళ్ళ పిల్లలకి కారు వెనక సీట్లో జరగడం నేర్పిస్తున్నాడు. అందరికీ తలా ఒక సీటు బెల్టు ఉన్న దేశంలో ఆ విద్య అబ్బడం కష్టమంటాడు.

యూరప్ వాళ్ళు అసలే నేర్చుకోలేదని అనను, వాళ్ళ పద్ధతిలో నేర్చుకున్నారు. గ్యాస్ రెండు వైపులా నడిచేలా పైపులు మార్చాలని రూల్స్ రాసుకున్నారు. మంచి రూల్సే. మన రైల్లో రెండు అంగుళాలు జరిగినంత పనికి ఎన్ని పేజీలు పట్టాయో చూస్తే నవ్వొస్తుంది. చాలా ఏళ్ళ తర్వాత తూర్పున తుపాకులు మోగి, పైపు మళ్ళీ ఆగినప్పుడు ఆ పేజీలు పనికొచ్చాయి కూడా. కాబట్టి పేజీల్ని వెక్కిరించకండి. కానీ మీ మీటింగుల్లో అందరూ ఒక మాటకి ఒకేసారి తలూపితే మాత్రం, దయచేసి వాళ్ళని ఒక చిన్న సోఫా దగ్గరికి తీసుకెళ్ళండి.

ఒక్కటి చెప్పడం మిగిలింది. ఆ ఫోన్ కాన్ఫరెన్స్ జరిగిన వారంలోనే ఒక పొద్దున్న ఆవిడ మా ఆఫీసుకి ఫోన్ చేసింది. థ్యాంక్స్ లాంటివేమీ చెప్పలేదు. మీసాలాయన మనుషులు యంత్రాల్ని తప్పించి పక్కనుంచి పైపులు అతికి, గ్యాస్‌ని వెనక్కి నడిపించారట. ఫ్యాక్టరీలకి చాలదట. బాయిలర్లకి, ఆసుపత్రికి సరిపోతుందట.

"అయితే కూర్చున్నారా?" అన్నాను.

ఆవిడ నవ్వడం నేను వినడం అదే మొదటిసారి. "అంచు మీద. సగమే ఆనాం. పక్కాయన ఒకటే గొణుగుడు," అంది. "కానీ కూర్చున్నాం."